కిటికీ పక్క బల్లకు వంతు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీ అందరికీ మీ సహోదరుడు డానియెల్ వందనాలు. ఈ సాక్ష్యాన్ని నేను మీ ఎదుట నిలబడి నోటితో చెప్పాలనుకున్నాను. అవకాశం ఇమ్మని పెద్దల్ని అడిగాను, ఒకసారి ఆరాధన పొడవైపోయిందన్నారు, ఇంకోసారి బయటి నుంచి ప్రసంగీకులు వచ్చారన్నారు, మరోసారి మైకు పాడైందన్నారు, ఆ మైకు పాడైన ఆదివారమే వేరేవాళ్ళు అదే మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పారు, నేను కిటికీ పక్కన కూర్చుని స్పష్టంగా విన్నాను! అడిగినవాళ్ళకు గుర్తుంటుంది, అడిగించుకున్నవాళ్ళకు గుర్తుండదు. అందుకే మన సంఘ పత్రికకు రాసి పంపుతున్నాను. దయచేసి చివరి వాక్యం దాకా చదవండి. ఎందుకు అలా అంటున్నానో చదివితే మీకే తెలుస్తుంది.

మన సంఘంలో ఆదివారం వాక్యం చదవడం బల్లల వరసన వస్తుందని మీకు తెలుసు. ఈ వారం ముందు బల్ల, పై వారం దాని వెనక బల్ల, ఆ బల్ల మీద కూర్చునే కుటుంబంలోంచి ఒకరు లేచి ముందుకు వెళ్ళి చదవాలి. రైలు పనికని ఆంధ్ర నుంచి హౌరాకు వచ్చిన మన తాతలు పెట్టిన పద్ధతి ఇది. గొప్పవాళ్ళు, చిన్నవాళ్ళు అని లేకుండా అందరి నోటా వాక్యం పలకాలని పెట్టారు. మంచి పద్ధతి! కానీ ఎడమవైపు కిటికీ పక్కన ఉన్న మా బల్ల దగ్గరకు వచ్చేసరికి ఏమవుతుందో ఎవరైనా గమనించారా? వంతు మా ముందు బల్ల దాకా వస్తుంది, ఆ తర్వాత మా వెనక బల్లకు వెళ్ళిపోతుంది. మా మీద నుంచి వెళ్ళిపోతుంది. నాకు మీసాలు రాని రోజుల నుంచి, తల నెరుస్తున్న ఈ రోజు దాకా ఇదే జరుగుతోంది. నేను అడుగుతున్నది మా బల్ల వంతు. మరేమీ కాదు. అది ఎలా పోయిందో, దేవుడు నన్ను ఏ గుంటలోంచి లేపి ఏ స్థలంలో నిలబెట్టాడో ఇప్పుడు చెబుతాను.

నేను హౌరా టికియాపారాలో పుట్టాను. మా నాన్న రైల్వే యార్డులో పనిచేశారు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో బెంగాలీ. తెలుగు మాట్లాడటం వచ్చేది గాని చదవడం రాదు, మన పిల్లల్లో చాలామందికి రానట్టే. ఆ రోజుల్లో మాలాంటివాళ్ళం ఒక పని చేసేవాళ్ళం. తెలుగు పాటలు, వాక్యాలు పెద్దవాళ్ళ చేత చదివించుకుని బెంగాలీ అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. మా వంతు వచ్చిన ఆదివారం నాన్న నా భుజం తట్టి "ఎల్లు, ఈపాలి నువ్వు సదువు" అన్నారు. నేను బెంగాలీలో రాసుకున్న కాగితం పట్టుకుని ముందుకు వెళ్ళాను. బెంగాలీ అక్షరాల్లో రాస్తే 'వ' ఉన్నచోటల్లా 'బ' పలుకుతుంది. దేవుడు దేబుడయ్యాడు, జీవము జీబమయ్యింది. మొదట ఆడవాళ్ళ వైపు నుంచి ఒక నవ్వు, తర్వాత అటూ ఇటూ, తర్వాత సంఘమంతా! అప్పుడు ఇప్పటి మన సంఘపెద్ద పరంజ్యోతి గారు, అప్పటికి యౌవనుల నాయకులు, లేచి వచ్చి నా చేతిలో కాగితం లాక్కున్నారు.

"కూకో బాబూ, కూకో. తెలుగు వొచ్చినోల్లు సదువుతారు. దేవుడికి కూడా అర్తమవ్వాల గదా!"

మళ్ళీ నవ్వారు. నేను వెనక్కి నడిచి వస్తుంటే మా నాన్న తల ఎత్తలేదు. ఆ రోజు ఎవరెవరు నవ్వారో, ఏ బల్ల మీద కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను, ఇక్కడ రాయను. ఆ తర్వాత మా బల్లకు వంతు రాలేదు. నాన్న అడగలేదు. అడగకుండానే ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు.

సహోదరులారా, నా చీకటి రోజులు అక్కడ మొదలయ్యాయి గాని, గాఢాంధకారం తర్వాత వచ్చింది. నేను బడాబజార్‌లో ఒక కొరియర్ ఆఫీసులో చాలాకాలం పనిచేశాను. ఒక రోజు వెళితే షట్టరు దించి ఉంది, యజమాని వ్యాపారం ఎత్తేశాడు, నాకు ఒక మాట కూడా చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను, అలాగే నెలలు గడిచాయి. నా భార్య రూతు ఆసుపత్రిలో నర్సు, ఆమె డ్యూటీకి వెళ్ళేది, నేను పడుకుని ఎవరెవరు నన్ను ఏమన్నారో చిన్నప్పటి నుంచి వరసగా తలచుకునేవాడిని. పాలవాడితో తగువు, టీ కొట్టువాడితో తగువు, పక్కింటివాళ్ళ గొడుగు మా గుమ్మంలో ఆరబెట్టినందుకు తగువు! బీపీ పెరిగింది, మాత్రలు మొదలయ్యాయి. తాగుడు కాదు, జూదం కాదు, నన్ను కట్టిపడేసింది కోపం. కోపానికి వాసన రాదు కాబట్టి ఎవరూ దాన్ని వ్యసనం అనుకోరు. కానీ అది మనిషిని తినేస్తుంది, దాని దెబ్బ తిన్నవాడిని నేను చెబుతున్నాను!

ఒక పగటిపూట నేను నిద్రపోతున్నాననుకుని రూతు కర్టెన్ అవతల మోకాళ్ళ మీద ప్రార్థన చేయడం విన్నాను. "పెబువా, ఈ మనిషిని ఏదో ఒక పన్లో ఎట్టు. ఇంట్లో ఉంటే నాతో తగువు, బయటికెల్తే ఊరితో తగువు. నీకు కావాలంటే నీతో కూడా తగువాడతాడు, తీసుకుపో, నువ్వే సూసుకో." నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. దేవుడు ఆ ప్రార్థనను అక్షరాలా విన్నాడు. ఆయనకే మహిమ!

రూతు ఆసుపత్రికి సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ నుంచి ఎస్తేరు మామ్మ కంటి వైద్యానికి వచ్చేది. మీలో చాలామందికి ఆమె తెలుసు, ఆరాధనకు టోటో రిక్షాలో వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. ఆమె చూపు తిరిగి రాలేదు. తనకు వాక్యం చదివి వినిపించేవాళ్ళు ఎవరైనా ఉంటే పంపమని రూతును అడిగిందట. రూతు నన్ను అడక్కుండానే "మా ఆయన కాళీగానే ఉన్నాడు మామ్మా, పంపుతాను" అంది. నాకు తెలుగు చదవడం రాదని రూతుకు తెలుసు. తెలిసే పంపింది.

మొదటి రోజు లోకల్ రైలెక్కి సంత్రాగాఛిలో దిగి వెళ్ళాను. మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. నేను పుస్తకం తెరిచి, నాకు కంఠతా వచ్చిన కొన్ని మాటలు చదువుతున్నట్టు చెప్పాను.

"ఆపు" అంది మామ్మ. "పేజీ తిరిగిన సప్పుడేది? నాకు కళ్ళు నేవు గానీ సెవులున్నాయి. సదవడం రాదా నీకు?"

"రాదు మామ్మా."

"మరి సంగంలో ఎవులూ నేర్పనేదా?"

అంతే, నేను మొదలుపెట్టాను. ఆ ఆదివారం, ఆ కాగితం, ఆ నవ్వు, పరంజ్యోతి గారు, కొరియర్ యజమాని, పాలవాడు, గొడుగు అన్నీ చెప్పాను. మధ్యాహ్నం లోకల్ వెళ్ళిపోయింది, నేను చెబుతూనే ఉన్నాను. మామ్మ వక్క నములుతూ అంతా విన్నది. అంతకు ముందు ఎవరూ నా మాట అంత సేపు వినలేదు. చివరకు నవ్వింది.

"ఓలమ్మో! ఇన్నీ గుర్తెట్టుకున్నావేటిరా? ఏ నాడు ఎవుడు ఏటన్నాడో, ఏ సొక్కా ఏసుకున్నాడో కూడానా? ఇది మామూలు బుర్ర కాదు. దీన్నెవులూ పన్లో ఎట్టనేదు, అదే నీ జబ్బు."

తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆ ప్రార్థన నాకు ప్రతి మాటా గుర్తుంది. "తండ్రీ, ఈడు ఏదీ మర్సిపోడు. ఈ గుణం ఈడు కొనుక్కున్నది కాదు, నువ్వు ఇచ్చినదే. మరి ఇచ్చినోడివి దీనికో ఉద్దోగం కూడా సూపించు. ఊరకే ఎట్టుకుంటే పులిసిపోద్ది. ఆమేన్." కోపాన్ని తీసెయ్యి ప్రభువా అని నా కోసం చాలామంది ప్రార్థన చేశారు, వాళ్ళకు వందనాలు. నా జ్ఞాపకానికి ఉద్యోగం ఇప్పించమని అడిగింది మామ్మ ఒక్కతే!

ఆ వారం నుంచి రూతు వంటింట్లో నాకు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. ఆమె శ్రీకాకుళం వైపు బడిలో చదువుకుంది. నేర్చుకున్నంత మట్టుకు మామ్మ దగ్గరకు వెళ్ళి చదివేవాడిని, పంక్తి కింద వేలు పెట్టుకుని, పైకి చదవాలి. మామ్మకు చాలా భాగం కంఠతా వచ్చు కాబట్టి ఒక మాట వదిలేస్తే చాలు, "మింగీసినావు, కక్కు" అనేది. ఒక భాగం అయ్యాక "ఏటన్నాడాయన? నీ మాటల్లో సెప్పు" అనేది. చెప్పలేకపోతే మళ్ళీ మొదటి నుంచి. "తెలీకపోతే అక్కడే ఆగు. సిన్న టేసన్లో ఆగని మెయిలు లాగ ఎల్లిపోకు. ఆ టేసన్లో కూడా మనుసులున్నారు" అనేది. ఆగాను, చదివాను, చెప్పాను, మళ్ళీ ఆగాను. మెల్లగా రాత్రుళ్ళు నిద్ర పట్టడం మొదలైంది. మనుషులు నన్నన్న మాటలు తిరుగుతూ ఉండే చోట ఇప్పుడు చదివిన మాటలు తిరుగుతున్నాయి. డాక్టరు మాత్ర తగ్గించాడు. దేవునికే స్తోత్రం!

ఇప్పుడు ఉద్యోగం సంగతి వినండి, దేవుడు ఎంత తమాషా అయినవాడో చూడండి. మామ్మ ఇంట్లో వాటర్ ఫిల్టర్ కారుతుంటే ఆమె కొడుకు ఫోన్లో ఒక కొత్త కంపెనీకి చెప్పాడు. స్టార్టప్ అంటారు కదా, ఇంటికి మెకానిక్‌ని పంపే కంపెనీ. మెకానిక్ వచ్చి విప్పి, ఒక భాగం తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. మామ్మ కొడుకు విసిగి వదిలేశాడు. నేను వదులుతానా? ఫోన్ చేశాను, మెసేజ్ పెట్టాను, మళ్ళీ చేశాను. మీ ఫిర్యాదు మాకు ముఖ్యమైనది అని ఒక యంత్రం చెబుతుంది తప్ప మనిషి లేడు. ఒక ఉదయం బస్సెక్కి సాల్ట్ లేక్‌లో ఉన్న వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. జవాబు చెప్పేదాకా లేవనన్నాను. చెవుల్లో వైర్లు పెట్టుకున్న పిల్లలు నన్ను దాటుకుని వెళ్ళిపోతున్నారు, ఆఫీసంతా కలిపి ఒక గది, ఒక వంటగది. మధ్యాహ్నానికి ఆ కంపెనీ పెట్టిన అనిర్బాణ్ అనే బెంగాలీ కుర్రవాడు బయటకు వచ్చాడు.

"కీ హోలో, దాదా? ఏం జరిగిందన్నా?" అన్నాడు బెంగాలీలో.

చెప్పాను. మొదటి ఫోన్ ఎవరెత్తారు, ఏమన్నారు, రెండో ఆమె ఎంతసేపు వేచి ఉండమంది, మెకానిక్ చొక్కా మీద ఏ పేరుంది, ఏ భాగం విప్పి ఏ కిటికీ మీద పెట్టి పోయాడు, అన్నీ వరసగా చెప్పాను. అతను కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"దాదా, ఇదంతా మీరు ఎక్కడైనా రాసుకున్నారా?"

"రాసుకోవడం ఎందుకు? నాకు జరిగింది కదా."

అందుకు అతను ఇలా అన్నాడు. "మా దగ్గర ఇలాంటి ఫిర్యాదులు చాలా వస్తాయి. ఎవరికీ ఏదీ గుర్తుండదు. అందుకే కస్టమర్లు వెళ్ళిపోతున్నారు, ఇలాగే ఉంటే మేము మూసెయ్యాల్సిందే. మీరు ఇక్కడ పనిచేస్తారా?"

నేను చెప్పిన జవాబు మీకు రాస్తాను. "ముందు మామ్మ ఫిల్టర్ బాగు చెయ్యండి, తర్వాత మాట్లాడదాం" అన్నాను! ఆ సాయంత్రమే బాగైంది. సహోదరులారా, జనులు నాలో తప్పు అన్న ఆ గుణమే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది, ఆ కుర్చీలోంచి లేచేసరికి నాకు ఉద్యోగం ఉంది! మామ్మ ప్రార్థన ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో చూడండి!

ఆ ఆఫీసులో ఫిర్యాదులు చదివే పద్ధతి చూసి నాకు మతి పోయింది. మొదటి పంక్తి చూస్తారు, ఆలస్యం అని ఉంటే ఆలస్యం బుట్టలో, ధర అని ఉంటే ధర బుట్టలో, ఒక తయారుగా ఉన్న క్షమాపణ పంపి మూసేస్తారు. నాకు అలా చదవడం తెలియదు. నాకు తెలిసింది మామ్మ చదువు ఒక్కటే. కాబట్టి వేలు పెట్టుకుని, చివరిదాకా, పైకి చదవడం మొదలుపెట్టాను. పిల్లలు చెవులు మూసుకున్నారు. "డానియెల్ దా, ఇది ఆఫీసా, పాఠశాలా?" అన్నారు. నేను మానలేదు.

బెహాలా నుంచి ఒక ముసలావిడ పొడుగాటి మెసేజ్ పెట్టింది. మెకానిక్ ఆలస్యంగా వచ్చాడని మొదలైంది. అందరూ దాన్ని ఆలస్యం బుట్టలో వేశారు. నేను చదువుతూ పోయాను. ఎండ గురించి ఉంది, కొడుకు బెంగళూరులో ఉన్నాడని ఉంది, ఫ్రిజ్ ఎప్పుడు కొన్నారో ఉంది, ఇవన్నీ అయ్యాక చివర ఒక్క వాక్యం ఉంది. మెకానిక్ చెప్పులతోనే ఠాకూర్ ఘర్ గుమ్మం తొక్కి వెళ్ళాడు, అంటే ఆవిడ పూజ చేసుకునే గది గుమ్మం. అక్కడ ఆగిపోయాను. తెలియని స్టేషన్‌లో ఆగాలి కదా! ఫోన్ చేశాను.

"మాసీమా, మీకు బాధ కలిగింది ఆలస్యం గురించి కాదు కదా?" అన్నాను.

"అది ఎలా చెబుతాం బాబా?" అంది. "మిగతా అంతా రాసి, అది చివర రాశాను. ఎవరూ చదవరనుకున్నాను."

కొందరు విశ్వాసులు నన్ను అడగవచ్చు, ఆవిడ పూజ గది గురించి నీకెందుకని. ఆవిడ గది నాది కాదు, ఆవిడ మనసు నొప్పి మాత్రం నాకు బాగా తెలిసినదే. తన ఇంట్లో తనను లెక్కచెయ్యకుండా ఒకడు నడిచి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? నా మీద నుంచి వంతు నడిచి వెళ్ళిపోయింది కదా!

పాత మెసేజ్‌లన్నీ తీసి చివరి పంక్తులు చదివాం. ఆలస్యం అని మొదలైనవాటిలో ఎన్నింటిలోనో చివర చెప్పుల మాట, మురికి చేతుల మాట, అమ్మాయి ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు మూశాడన్న మాట ఉన్నాయి. ఇన్నాళ్ళూ కంపెనీ మెకానిక్‌లను పరిగెత్తించింది, పరిగెత్తే తొందరలో వాళ్ళు చెప్పులు విప్పలేదు! అనిర్బాణ్ తల పట్టుకున్నాడు, తర్వాత నవ్వాడు. ఆ వారం నుంచి మా మెకానిక్‌లు గుమ్మం బయట చెప్పులు విప్పుతారు, సంచిలోంచి సొంత గుడ్డ తీసి పరుచుకుంటారు, తలుపు తెరిచి ఉంచుతారు. వెళ్ళిపోయిన కస్టమర్లు తిరిగి రావడం మొదలుపెట్టారు. బెహాలా మాసీమా తన వీధి అంతటికీ మా గురించి చెప్పింది. మూసేద్దామనుకున్న కంపెనీ నిలబడింది, ఇప్పుడు ఒక గదిలో లేదు, ఒక అంతస్తులో ఉంది. దేవునికే మహిమ!

ఈ రోజు నేను ఆ కంపెనీలో కస్టమర్ల విభాగానికి పెద్దను. ఇది నా గొప్ప అని కాదు గాని, గొప్పగానే చెబుతున్నాను, ఎందుకంటే చేసినవాడు దేవుడు, ఆయన చేసినదాన్ని తగ్గించి చెప్పడం నాకు చేతకాదు! పెద్ద కాలేజీల్లో చదివిన పిల్లలు నా దగ్గర పని నేర్చుకుంటున్నారు. అనిర్బాణ్ ఇచ్చిన ఇంగ్లీషు వ్యాపార పుస్తకాలను రోజూ లోకల్ రైల్లో వేలు పెట్టుకుని చదువుతాను. పక్కవాళ్ళు పుస్తకాల సారాంశం ఫోన్లో వింటూ వెళతారు, నేను ఇంకా మూడో పేజీలో ఆగి ఉంటాను, అయినా ఆఫీసుకు వెళ్ళి ఆ మూడో పేజీతో పని చేయిస్తాను. తెలుగు, ఇంగ్లీషు, బెంగాలీ, ఏది చదివినా మామ్మ చెప్పిందే. మింగకు, ఆగు, నీ మాటల్లో చెప్పు. యౌవనులారా, మీరు ఏ పని చేసినా ఇది పట్టుకోండి. నాకు తెలిసిన ఉద్యోగ రహస్యం ఇదొక్కటే.

ఇంకొకటి చెప్పాలి, ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ఆఫీసులో నేనొక పద్ధతి పెట్టాను. ప్రతి ఉదయం పని మొదలయ్యే ముందు అందరం నిలబడి, ఒకరు ఒక ఫిర్యాదును పైకి చదవాలి, మొదటి నుంచి చివరి దాకా. కుర్చీల వరసన వంతు వస్తుంది. అనిర్బాణ్‌కూ వస్తుంది, టీ ఇచ్చే దాదాకూ వస్తుంది. ఎవరి వంతూ దాటిపోకూడదు. ఈ పద్ధతి ఎక్కడి నుంచి తెచ్చానో మీకు చెప్పాలా? మన తాతలు పెట్టిన పద్ధతే! మన సంఘంలో నాకు దక్కనిదాన్ని అక్కడ నాటాను.

మేదినీపూర్ నుంచి మౌమితా అనే అమ్మాయి కొత్తగా చేరింది. ఆమె వంతు వచ్చిన రోజు మెసేజ్ ఇంగ్లీషులో ఉంది. చదవడం మొదలుపెట్టి తడబడింది, ఒక మాట దగ్గర ఆగిపోయింది, మళ్ళీ మొదలుపెట్టింది. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. సహోదరులారా, నా మనసంతా ఆ ఆదివారానికి వెళ్ళిపోయింది! ఆ అమ్మాయి మెడ వంచింది, కాగితం ఇచ్చేయడానికి చెయ్యి చాచింది.

నేను తీసుకోలేదు. "నీ వంతు ఇంకా అవలేదు అమ్మా. మాకు తొందర లేదు. చదువు" అన్నాను. నవ్వినవాడి వైపు చూశాను, చూస్తే చాలు, నేను మర్చిపోనని వాళ్ళకు తెలుసు! ఆమె చదివింది. మెల్లగా, చివరి పంక్తి దాకా. అందరూ నిలబడే ఉన్నారు. చదవడం అయ్యాక అనిర్బాణ్ చప్పట్లు కొట్టాడు. ఆ రోజు నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. "ప్రభువా, ఇందుకోసమా నన్ను అన్నాళ్ళు గుర్తుంచుకోనిచ్చావు? ఈ అమ్మాయి చేతిలో కాగితం ఉండనివ్వడానికా?" అని అడిగాను. ఆయన నా జ్ఞాపకాన్ని తీసెయ్యలేదు. ఆ నవ్వు గుచ్చిన ముల్లును తీసెయ్యలేదు. అలాంటిది మరొకరికి గుచ్చుకోకుండా కాపలా కాసే పని ఇచ్చాడు. ఇదే నా విడుదల. వేరే సాక్ష్యాల్లో విడుదల అంటే మర్చిపోవడం, నాకు మాత్రం పనికి రావడం!

ఇంత జరిగాక కిందటి నెల మామ్మ దగ్గర చదువుతుండగా ఆమె "గట్టిగా సదువు" అంది. గట్టిగా చదివాను. "ఇంకా గట్టిగా" అంది. మూడోసారి చదివాక నా చెయ్యి పట్టుకుంది.

"ఒరే, నా సెవులు కూడా ఎల్లిపోతన్నాయి. డాట్రు సెప్పినాడు. నువ్వు సంగంలో నిలబడి సదివితే నాను ముందు వరసలో కూకోని వినాల. నా కళ్ళు పోయినాక నాకు మిగిలినదిదే. పెద్దల్ని అడుగు."

"అడిగాను మామ్మా. చూద్దాం అంటున్నారు."

"సూద్దామా? సూడ్డానికి నాకు కళ్ళెక్కడివి? వినాల గదా!" అని తనే నవ్వింది. నవ్వి, తర్వాత నా చెయ్యి వదల్లేదు.

ప్రియులారా, మీలో ఎవరైనా నాలాగ గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, మిమ్మల్ని అందరూ పనికిరారని పక్కన పెట్టేసి ఉంటే, మీ గుణమే మీకు శత్రువు అనుకుంటూ ఉంటే, ప్రభువు దగ్గరకు రండి. ఆయన మిమ్మల్ని వేరే మనిషిగా మార్చి వాడుకోవాల్సిన అవసరం లేదు, మీలో ఉన్నదాన్నే కడిగి వాడుకుంటాడు. ఆయన ఎవరి వంతూ దాటించడు. చదవడం రాని పిల్లలుంటే శనివారం సాయంత్రాలు మా ఇంటికి పంపండి, రూతు అక్షరాలు నేర్పుతుంది, నేను చదివిస్తాను. ఎవరు తడబడినా మా ఇంట్లో నవ్వు వినబడదు. ఇప్పటికే వస్తున్నవాళ్ళు చక్కగా చదువుతున్నారు, ఈ పేజీ మీ ఇంట్లో మీ పిల్లవాడే చదివి వినిపిస్తుంటే, వాడు మా శనివారం పిల్లవాడే అయ్యుంటాడు. దేవునికే సమస్త మహిమ!

ఇక చివరి మాట. మనుషులు అసలు మాట చివర చెబుతారని నేను రోజూ ఆఫీసు పిల్లలకు చెబుతాను, నేనూ అదే చేస్తున్నాను. మా ఆఫీసులో ఫిర్యాదు వచ్చిన రోజే జవాబు వెళ్ళాలి. కుదురుతుందన్నా జవాబే, కుదరదన్నా జవాబే. చూద్దాం అన్నది జవాబు కాదు. పరంజ్యోతి గారూ, ఆ రోజు తెలుగు వచ్చినవాళ్ళు చదువుతారన్నారు. నాకు తెలుగు వచ్చింది. రాదనుకుంటే ఏ భాగమైనా ఇచ్చి అప్పటికప్పుడు చదివించి చూడండి. ఇది నా కోసం కాదనను, నా కోసమే, మా నాన్న కోసమే. కానీ ముందు వరసలో ఒక ముసలమ్మ ఉంది, ఆమె చెవులు మీ చూద్దాం కోసం ఆగవు. వచ్చే ఆదివారం వంతు మా ముందు బల్లది. ఆ పై ఆదివారం ఎవరిది? అయ్యా, అవుననండి, కాదనండి, ఏదో ఒకటి ఈసారి నాకు జవాబు చెప్పండి.